కన్నం ఎక్కడ పడింది?

ఈసారి పోస్టు పొడుగు అయింది. ఊరికి పోయేటప్పుడు బస్సులో కూర్చుని నిదానంగా చదవండి.

పోయిన ఎండాకాలం సెలవులకు ముందు మా హాస్టల్ రూములో ఒకడు గూగుల్లో మన సైటు పేరు కొట్టినాడు. వచ్చింది చూసి అందరం మంచాల మీద నుంచి లేచి కూర్చున్నాం. మన సైటు పేరు కిందనే జపాను అక్షరాలు. వాచీలు, బూట్లు, హ్యాండ్ బ్యాగులు అమ్మే పేజీలు, వందల కొద్దీ. మనం లోపల పెట్టుకున్నవి ఏమిటి? తండాల పేర్ల వెనక కథలు, ఎరుకల భాష మాటలు ఒక నాలుగు వందలు, పుంగనూరు దిక్కు తండాలో ఒక అవ్వ పాడిన ఢావ్లో పాటలు. పెళ్ళికూతురు పుట్టిల్లు వదిలిపోయేటప్పుడు ఏడుస్తా పాడే ఆ పాటలు పూర్తిగా వచ్చినోళ్ళు ఇప్పుడు తక్కువ. 14 పాటలు ఫోన్లో రికార్డు చేసినాం. సైటులో పెట్టేసినాం కదా అని, ఫోన్ మెమరీ నిండితే తీసేసినాం. ఇది జరిగినాక హోస్టింగ్ వాళ్ళు మన ఎకౌంటు ఆపేసి, కొన్ని రోజులకు శుభ్రం చేసి ఇచ్చినారు. శుభ్రంగానే ఉండింది, లోపల ఏమీ లేదు. వాట్సాప్‌లో ఎవరెవరికో పంపినవి అడిగి అడిగి 9 పాటలు తిరిగి తెచ్చుకున్నాం. 5 పోయినాయి. మళ్ళీ పాడించుకుందామని తండాకు పోతే, అవ్వ సంక్రాంతికి ముందే పోయిందని చెప్పినారు. మాకు కబురు కూడా లేదు.

రోజుకు ముప్పై మంది కూడా చూడని సైటు అది. డబ్బులు లేవు, రహస్యాలు లేవు. మనమీద పగ ఎవరికి ఉంటుంది? మా రూములో రెండు రోజులు ఇదే చర్చ. ఒకడు కులం పేరు చూసి చేసినారు అన్నాడు. ఇంకొకడు పక్క హాస్టల్ వాళ్ళ పని అన్నాడు. తీరా చదివితే సంగతి వేరే ఉండింది. మన జిల్లాలోనే ఇట్లాంటివి ముందు చాలా జరిగినాయి. అవన్నీ ఒక చోట రాద్దామని ఈ పోస్టు.

తెలుగులో దీనికి సరైన మాట కన్నం. రాత్రిపూట గోడకు కన్నం వేసి దూరడం. ఈ మాట రాసేటప్పుడు మా చెయ్యి కొంచెం ఆగింది. మన తాతల్ని ఈ మాటతోనే కదా పిలిచినారు. 1871లో తెల్లదొరలు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చినారు. 1911లో దాన్ని తిరగరాసి మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తింపజేసినారు. విచిత్రం ఏమంటే మన చిత్తూరు జిల్లా పుట్టింది కూడా ఆ 1911 ఏప్రిల్ 1ననే. మదనపల్లె తాలూకా కడప జిల్లా నుంచి వచ్చి ఇందులో కలిసింది. చట్టం కింద ప్రకటించిన తెగలో పుడితే చాలు, పేరు రిజిస్టరులో ఎక్కుతుంది. వేలిముద్రలు తీసుకుంటారు. చెప్పిన వేళకు పోలీసుకు హాజరు వేయించుకోవాల. ఊరు దాటాలంటే అనుమతి కావాల. ఎరుకల వాళ్ళ కోసం బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంటు 1913 ప్రాంతంలో పెట్టి సాల్వేషన్ ఆర్మీ చేతికి ఇచ్చినారు. కన్నం వేసినోడు ఎవరో తెలియకపోతే ఎరుకల గుడిసెకు పోవడం పోలీసుకు సులువు. స్వాతంత్ర్యం వచ్చి ఐదేళ్ళు అయినాక, 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది. దాని జాగాలో అలవాటు నేరస్తుల చట్టాలు వచ్చినాయి, అది ఇంకో పెద్ద కథ.

అదే కాలంలో మన గురించి ఇంకో రకం రాత కూడా నడిచింది. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గర్ థర్‌స్టన్, రంగాచారి సాయంతో 1909లో ఏడు సంపుటాలు అచ్చు వేసినాడు. లంబాడీలు, ఎరుకలు, యానాదులు అందరూ ఉన్నారు అందులో. ముక్కులు, తలలు కొలిచి లెక్కలు రాసినాడు. ఇప్పటికీ మనమీద పరిశోధన చేసేటోళ్ళు ముందు ఆ పుస్తకమే తెరుస్తారు. రిజిస్టరు పోలీసు స్టేషన్లో, సంపుటాలు లైబ్రరీలో. మన పేర్లు ఉన్న పుస్తకాలన్నీ వేరేవాళ్ళ బీరువాల్లోనే ఉండినాయి, తాళంచెవులూ వాళ్ళ దగ్గరే. మన చేత్తో మనం రాసి, మన గొంతుతో మనం పెట్టుకున్నది ఆ చిన్న సైటు. దానికి మనం వేసిన తాళం ఏందో ముందుకు చెప్తాం, సిగ్గుపడకుండా.

మన దిక్కుకు కంప్యూటర్లు వచ్చిన కథ కుప్పంతో మొదలుపెట్టాల. 2002 ఫిబ్రవరిలో హెచ్‌పీ కంపెనీ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి కుప్పంలో ఐ-కమ్యూనిటీ అని ఒక పథకం పెట్టినారు. అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు నియోజకవర్గం అది. ఊళ్ళలో సమాచార కేంద్రాలు తెరిచి కంప్యూటర్లు పెట్టినారు. అందులో మాకు బాగా నచ్చింది పల్లె ఫోటోగ్రాఫర్ల పని. పొదుపు సంఘాల ఆడవాళ్ళకు డిజిటల్ కెమెరా, చిన్న ప్రింటరు, వాటిని ఛార్జింగ్ చేసుకోవడానికి సోలార్ ఏర్పాటు ఇచ్చినారు. ఊరూరూ తిరిగి ఫోటో తీసి, అక్కడికక్కడే ప్రింటు తీసి చేతికి ఇచ్చేది. మూడేళ్ళ పథకం అది, తర్వాత కంపెనీ తప్పుకుంది. మా కుప్పం మిత్రుడి ఇంట్లో వాళ్ళ నాయన చిన్నప్పటి ఫోటో అట్ల తీసిందే ఒకటి గోడకు ఉంది. ఆ ఫోటో ఉండిన కంప్యూటరు ఇప్పుడు ఏ పాత సామాన్ల అంగట్లో ఉందో. కాగితం మాత్రం ఉంది.

తాళాల సంగతికి వద్దాం. కంప్యూటరుకు పాస్‌వర్డు పెట్టడం 1960ల మొదట్లో అమెరికాలో ఎంఐటీ విద్యాలయంలో మొదలైంది. ఒకే కంప్యూటరును చాలామంది వాడుకోవాల కాబట్టి ఒక్కొక్కరికి ఒక్కో పాస్‌వర్డు, వారానికి ఇన్ని గంటలని లెక్క. 1962లో అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థికి ఆ గంటలు చాలలేదు. పాస్‌వర్డులన్నీ ఉన్న ఫైలును ప్రింటు తీయమని ఒక పంచ్ కార్డు పెట్టి, తెల్లారి పోయి కాగితాలు తీసుకున్నాడు. చానా ఏండ్ల తర్వాత ఆయనే ఈ సంగతి ఒప్పుకున్నాడు. అంటే పాస్‌వర్డు పుట్టిన కొన్నాళ్ళకే దొంగతనం కూడా పుట్టింది, అదీ ఒక స్టూడెంటు చేతిలో. హాస్టల్ కంప్యూటరు ల్యాబులో గంట కోసం కొట్లాడే మనకు ఆయన బాధ అర్థమవుతుంది అనుకోండి.

ఆ తర్వాత పాస్‌వర్డును ఉన్నదున్నట్టు దాచకుండా, తిరిగి విప్పలేని రూపంలోకి మార్చి దాచే పద్ధతి వచ్చింది. 1979లో రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ దీనిమీద పేరున్న వ్యాసం రాసినారు. జనం పెట్టుకునే పాస్‌వర్డులు ఎంత సులువుగా ఊహించవచ్చో అందులో లెక్క కట్టి చూపించినారు. 1988 నవంబర్ 2న ఇంటర్నెట్టులో ఒక పురుగు పాకి, వేల కంప్యూటర్లు ఆగిపోయినాయి. ఆరు వేలు అని అప్పటి అంచనా. అది దూరిన దారుల్లో ఒకటి సులువు పాస్‌వర్డులను ఊహించడం. ఆ పురుగును వదిలింది ఎవరంటే, ఆ మోరిస్ కొడుకే. నాయన తాళం గురించి రాస్తే కొడుకు తాళం తీసి చూపించినాడు.

ఇప్పుడు 2017కు రండి. ఆ సంవత్సరం రెండు సంగతులు జరిగినాయి, రెండూ మనకు పాఠాలే.

మొదటిది వర్డ్‌ప్రెస్‌లో. 2003లో పుట్టిన ఈ సాఫ్ట్‌వేర్ మీదనే మనలాంటి చిన్న సైట్లు ఎక్కువ నడుస్తాయి, మన సైటు కూడా. 2017 జనవరి 26న ఒక కొత్త వెర్షన్ వచ్చింది. అందులో ఒక పెద్ద కన్నం పూడ్చినారు, కానీ పూడ్చినామని వారం దాకా బయటికి చెప్పలేదు. చెప్పినాక, అప్పటికీ అప్‌డేట్ చేయని సైట్ల మీద పడినారు. పాస్‌వర్డు అక్కర లేకుండానే ఎవరి పోస్టునైనా చెరిపి తమ పేరు రాసుకోవచ్చు. లక్షల పేజీలు అట్ల పాడైనాయి. ఎవరి సైటు, ఏ భాష, ఏ కులం, ఎవరూ చూడలేదు. ఒక ప్రోగ్రాము వీధిలో ప్రతి తలుపూ నెట్టుకుంటా పోయింది, తెరుచుకున్న తలుపులో దూరింది. అప్‌డేట్ దానంతట అదే అయ్యేట్టు పెట్టుకున్నోళ్ళు నిద్రలోనే బయటపడినారు.

రెండోది మే 12న. వానాక్రై. కంప్యూటరు తెరిస్తే ఎర్ర బొమ్మ, నీ ఫైళ్ళన్నీ తాళం వేసినాం, 300 డాలర్లు బిట్‌కాయిన్లలో కట్టు అని. రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు, దాదాపు 150 దేశాలు. బ్రిటన్‌లో ఆసుపత్రులు రోగుల్ని వెనక్కి పంపినాయి. మన రాష్ట్రంలో దెబ్బ తగిలింది పోలీసు శాఖకు. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో 18 పోలీసు యూనిట్ల కంప్యూటర్లకు సోకిందని అప్పటి పేపర్లలో వచ్చింది. అప్పుడు మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ చిత్తూరు జిల్లాలోవే. మనం అప్పుడు చిన్న పిల్లలం, ఎండాకాలం సెలవుల్లో టమాటా తోటలకు కూలికి పోయే రోజులు. మనకేమీ తెలియదు.

ఇది చదివినప్పుడు మాలో ఎరుకల తమ్ముడు ఒకడు నవ్వినాడు. మా తాతల పేర్లు రాసుకున్నోళ్ళ పెట్టెకే కన్నం పడిందే అన్నాడు. కాసేపు అందరం నవ్వినాం. కానీ కేసు పెట్టినోళ్ళ కాగితాలు, బాధితుల కాగితాలు కూడా ఆ కంప్యూటర్లలోనే కదా ఉండేది. మన ఆడపిల్ల ఎవరైనా స్టేషనుకు పోయి రాయించిన ఫిర్యాదు కూడా అక్కడే కదా. తర్వాత ఎవరూ నవ్వలేదు.

వానాక్రై దూరిన కన్నం కొత్తది కాదు. దాన్ని పూడ్చే ప్యాచ్ మైక్రోసాఫ్ట్ మార్చి 14ననే ఇచ్చింది. దాదాపు రెండు నెలలు. వేసుకున్నోళ్ళకు ఏమీ కాలేదు. బ్రిటన్‌లో 22 ఏండ్ల కుర్రోడు, మార్కస్ హచిన్స్, ఆ ప్రోగ్రాము ఒక పేరులేని వెబ్ అడ్రసు కోసం వెతుకుతా ఉండటం గమనించి, ఆ అడ్రసును కొనేసినాడు. దాంతో వ్యాపించడం ఆగింది. మన వయసోడే. ఆ తర్వాత రెండేండ్లకు పాత తప్పు ఒకటి, బ్యాంకు వివరాలు దొంగిలించే ప్రోగ్రాము రాసినందుకు, అమెరికా కోర్టులో ఒప్పుకోవాల్సి వచ్చింది. అదీ చెప్పాల, హీరోను చేసి వదిలేయకూడదు.

2018లో మన సైటుకు జరిగినదానికి చాలా దగ్గర సంగతి తిరుపతిలో జరిగింది. అప్పుడు తిరుపతి కూడా చిత్తూరు జిల్లానే. ఆ సెప్టెంబరులో కొందరు సెక్యూరిటీ పరిశోధకులు దేశంలో ప్రభుత్వ సైట్లను వెతికితే, చానా వాటిలో కాయిన్‌హైవ్ అనే కోడు దొరికింది. అందులో మన రాష్ట్ర పురపాలక శాఖ సైటు, తిరుపతి కార్పొరేషన్ పేజీ, మాచర్ల మునిసిపాలిటీ పేజీ ఉన్నాయి. ఆ కోడు ఏం చేస్తుందంటే, పేజీ తెరిచినోళ్ళ ఫోను, కంప్యూటరు శక్తిని వాడుకుని మొనేరో అనే క్రిప్టో డబ్బు తవ్వుతుంది. డబ్బు పోయేది కోడు పెట్టినోడికి. ఇంటి పన్ను చూసుకుందామని తిరుపతిలో ఒకాయన పేజీ తెరిస్తే, ఆయన ఫోను వేడెక్కుతుంది, ఎక్కడో ఎవడికో పైసలు రాల్తాయి. ఆయనకు తెలియదు, మునిసిపాలిటీకీ తెలియదు. పేజీ పైకి మామూలుగానే కనిపిస్తుంది. ఆ కాయిన్‌హైవ్ 2019 మార్చిలో మూతపడింది.

మా రూములో రెండు రోజులు వాదించుకున్న ప్రశ్నకు జవాబు ఇక్కడ దొరికింది. వాళ్ళకు తిరుపతి మీద పగ లేదు, మన అవ్వ పాట మీద కోపం లేదు. వాళ్ళకు కావాల్సింది ఒక అరుగు. దానిమీద అంగడి పెట్టుకోవాల. మన సైటుకు గూగుల్ దగ్గర ఉన్న కొంచెం మంచి పేరును వాడుకుని నకిలీ వాచీలు అమ్ముకున్నారు. అంగడి పెట్టుకునేదానికి అడ్డం ఉన్నది పారేసినారు, లేదంటే శుభ్రం చేసేటప్పుడు పోయింది. పగ ఉండి చేసి ఉంటే బాధ కొంచెం తక్కువ ఉండేదేమో. మనల్ని చూడనే లేదు వాళ్ళు.

అదే 2018 ఏప్రిల్‌లో ఇంకొకటి. రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ సైటులో లక్షా 30 వేల మందికి పైగా లబ్ధిదారుల ఆధార్ నంబర్లు అందరికీ కనిపించేట్టు ఉన్నాయని పరిశోధకుడు కొడాలి శ్రీనివాస్ బయటపెట్టినాడు. కులం, మతం పెట్టి వెతకొచ్చు. ఇల్లు ఎక్కడుందో కూడా చూడొచ్చు. అంతకు ముందు సంవత్సరం సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ అనే సంస్థ ఆధార్ బయటపెట్టిన నాలుగు ప్రభుత్వ సైట్ల మీద రిపోర్టు ఇస్తే, అందులో రెండు మన రాష్ట్రానివి, ఉపాధి హామీది ఒకటి, చంద్రన్న బీమాది ఒకటి. ఇక్కడ కన్నం వేసినోడు ఎవడూ లేడు. తలుపే పెట్టలేదు. ఇందిరమ్మ ఇల్లు, ఉపాధి పని, ఈ జాబితాల్లో ముందుండేది ఎవరు? మనోళ్ళే. 1911 రిజిస్టరు చూడాలంటే స్టేషనుకు పోవాల. ఈ రిజిస్టరు ఎవరైనా ఇంట్లో కూర్చునే చూడొచ్చు.

2019 ఏప్రిల్ చివర రెండు తెలుగు రాష్ట్రాల కరెంటు పంపిణీ సంస్థల సైట్లకు రాన్సమ్‌వేర్ తగిలింది. మనకు కరెంటు ఇచ్చే, తిరుపతిలో ఆఫీసు ఉన్న సంస్థ కూడా అందులో ఉంది. వేరే చోట బ్యాకప్ ఉండబట్టి తేరుకున్నారు.

బ్యాకప్ మాట వచ్చింది కాబట్టి మదనపల్లె గురించి చెప్పాల. ఇందులో హ్యాకరూ లేడు, కంప్యూటరు వైరసూ లేదు. 2024 జులై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ ఆఫీసులో మంటలు లేచినాయి. తెల్లారేసరికి రెండు వేలకు పైగా ఫైళ్ళు బూడిద. భూముల ఫైళ్ళు, 22ఏ నిషేధ జాబితాకు సంబంధించినవి, అసైన్డ్ భూములవి. డీజీపీ హెలికాప్టరులో వచ్చి చూసి, ఇది ప్రమాదం కాదేమోనని అన్నారు. కేసు సీఐడీకి పోయింది. ఎవరు చేసినారు అనేది తేల్చాల్సింది కోర్టు, మనం కాదు. మనం చూడాల్సింది వేరే. డీకేటీ పట్టా అంటే మన ఇండ్లలో ఏమిటో మీకు తెలుసు. ట్రంకు పెట్టె అడుగున, పెళ్ళి చీర కింద, ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెట్టే కాగితం. ఆఫీసులో ఫైలు కాలిపోతే మిగిలేది తహసీల్దారు దగ్గర, కలెక్టరేట్‌లో ఉన్న కాపీ, ఇంకా ఆ ట్రంకు పెట్టెలోది. ఆ వారం మా రూము నుంచి ముగ్గురం ఊళ్ళకు ఫోన్ చేసి, పట్టా కాగితం ఉందా లేదా చూడమని చెప్పినాం. ఒక అమ్మ అయితే ఫోన్లోనే ఏడ్చింది, చెదలు పట్టిందని. ఆ కాగితం ఫోటో అయినా తీసి పెట్టలేదు ఎవరూ. అప్పుడైనా మాకు బుద్ధి రావాల్సింది. పాటల్ని మాత్రం ఒక్క చోటే పెట్టుకున్నాం.

ఇప్పుడు మన తాళం సంగతి. సైటు మళ్ళీ కట్టేటప్పుడు ఒక సీనియర్ అన్న వచ్చి కూర్చుని అన్నీ తీసి చూపించినాడు. డబ్బులు పెట్టి కొనాల్సిన థీమ్‌ను మేము ఎక్కడో ఫ్రీగా దింపుకున్నాం. అట్లాంటి దొంగ కాపీల్లో వెనక తలుపు పెట్టి పంచడం వాళ్ళకు మామూలే అన్నాడు. అంటే కన్నం బయటోడు వేయలేదు, మేమే ఇంట్లోకి తెచ్చి పెట్టుకున్నాం. రెండేండ్లుగా అప్‌డేట్ చేయని ప్లగిన్లు ఆరు ఉన్నాయి, వాటిలో నాలుగు దేనికి పెట్టినామో మాకే గుర్తు లేదు. లాగిన్ పేరు అడ్మిన్. పాస్‌వర్డు హాస్టల్ పేరు, పక్కన 123. దాన్ని ఏడుగురికి చెప్పినాం, వాళ్ళలో ఇద్దరు హాస్టల్ వదిలి బెంగళూరులో పనిలో ఉన్నారు. 1979లో మోరిస్ లెక్క కట్టింది మన గురించే అనిపించింది.

ఇప్పుడు ఆ థీమ్ లేదు, వర్డ్‌ప్రెస్‌తో వచ్చేదే వాడుతున్నాం, చూడటానికి సాదాగా ఉంటుంది, ఉండనీ. ప్లగిన్లు రెండే. అప్‌డేట్ దానంతటదే అవుతుంది. ఒక్కొక్కరికి వేరే లాగిన్, హాస్టల్ వదిలిపోయినోళ్ళది ఆ రోజే తీసేస్తాం, మనసు నొప్పించుకోవద్దు. పాస్‌వర్డు పొడుగ్గా, మన భాష మాటలు నాలుగైదు కలిపి, దాంతోపాటు ఫోనుకు వచ్చే కోడు. ప్రతి ఆదివారం మొత్తం కాపీ ఒకటి పెన్‌డ్రైవ్‌లో. ఒకటి మదనపల్లెలో మా దగ్గర, ఒకటి కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయంలో చదివే అక్క దగ్గర, ఒకటి పుంగనూరులో. నెలకొకసారి ఆ కాపీ తెరిచి ఒక పాట వింటాం, నిజంగా ఉందో లేదో అని. ఇంకెవరికైనా ఇట్ల జరిగితే చెప్పుకోవడానికి చట్టం కూడా ఉంది, ఐటీ చట్టం 66వ సెక్షను కింద మూడేండ్ల దాకా జైలు, లేదా ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టొచ్చు. మేము పెట్టలేదు, అప్పుడు తెలియదు.

ఒక సంగతిలో మాత్రం మాకు ఇంకా ఒప్పందం కుదరలేదు. ఎరుకల మాటల జాబితా మళ్ళీ పెడదామంటే ఒక తాత ఒప్పుకోలేదు. పక్కన మనుషులు ఉన్నా మనలో మనం మాట్లాడుకోవడానికి మిగిలింది ఆ భాష ఒక్కటే, అది కూడా అందరికీ తెరిచి పెడితే ఎట్ల నాయనా అన్నాడు. మాలో సగం మంది ఆయన మాట వినాలంటారు, సగం మంది భాష చచ్చిపోయినాక తాళం ఎందుకు అంటారు. ప్రస్తుతానికి ఆ నాలుగు వందల మాటలు నెట్‌లో లేవు, మూడు పెన్‌డ్రైవ్‌లలో ఉన్నాయి. మీరేమంటారో కింద రాయండి, తాతకు చదివి వినిపిస్తాం.

ఇంకో పని ఉంది మీ అందరికీ. ఆ 5 పాటల్లో రెండు, పోయిన ఏడాది దీపావళి టైములో తండాల గ్రూపులో ఎవరో ఫార్వర్డు చేసినారని ఒక చెల్లెలు చెప్తా ఉంది. పాట మొదట్లో మేక అరుస్తుంది, మధ్యలో అవ్వ దగ్గి, నీళ్ళు అడుగుతుంది. మీ ఫోన్లో ఆడియో ఫోల్డరు తెరిచి ఒక్కసారి వెతకండి. డిలీట్ చేసిన పాత ఫోను ఇంట్లో పడి ఉంటే అది కూడా చూడండి.